లిథియం బ్యాటరీ మధ్యాహ్నానికే నిండిందంటోంది, అర్ధరాత్రికి ఆగిపోతోంది: యాక్టివ్ బ్యాలెన్సర్ కొనాలా?

చీనీతోట (తాడిపత్రి)

అందరికీ నమస్కారం. తాడిపత్రి దగ్గర మా చీనీ తోటలో ఉన్న ఇంటికి కరెంటు లైను లేదు. స్తంభాలు వేయించడానికి అయ్యే ఖర్చు చూశాక, ఇల్లంతా సోలార్ మీదే నడుపుకోవాలని సంక్రాంతి ముందు ఏర్పాటు చేయించాం. 540 వాట్ల ప్యానెళ్లు 9, ఎంపీపీటీ (ప్యానెళ్ల నుంచి వీలైనంత శక్తి లాగే ఛార్జర్) లోపలే ఉన్న 5 కిలోవాట్ల ఇన్వర్టర్, 280 ఏహెచ్ (ఆంపియర్ గంటల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు 16, వాటి మీద బ్లూటూత్‌తో ఫోనులో చూసుకోగలిగే బీఎంఎస్ (సెల్‌లను కనిపెట్టి, హద్దు దాటితే తెంచేసే బోర్డు) ఉన్నాయి. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లు, తాగునీటి సంపుకు 1 హెచ్‌పీ మోటారు దీని మీదే నడుస్తాయి. తోటకు నీళ్లు పెట్టే బోరు దీని మీద లేదు.

ఉగాది దాకా ఏ ఇబ్బందీ లేదు. ఎండలు ముదిరినప్పటి నుంచి రెండు సమస్యలు మొదలయ్యాయి. ఉదయం పదకొండున్నర ప్రాంతంలో 7వ సెల్ ఒక్కటే 3.65 వోల్టులకు ఎగబాకుతోంది, బీఎంఎస్ వెంటనే ఛార్జింగ్ ఆపేస్తోంది, ఫోనులో 100 శాతం అని కనిపిస్తోంది. ఆ రాత్రి మాత్రం ఫోనులో ఇంకా 55 శాతమో 60 శాతమో ఉందని చూపిస్తూ ఉండగానే ఇన్వర్టర్ ఆగిపోతోంది. అమర్చినవారిని అడిగితే ఎక్కువ ఉన్న సెల్ నుంచి తక్కువ ఉన్నదానికి ఛార్జి మళ్లించే 5 ఆంపుల యాక్టివ్ బ్యాలెన్సర్ పెడితే సరిపోతుందన్నారు. డబ్బు పెట్టే ముందు తెలిసినవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను.

---

కడప వర్క్‌షాప్

బ్యాలెన్సర్ ఇప్పుడే కొనవద్దు. సెల్‌ల మధ్య తేడా కనిపించడానికి కనీసం మూడు కారణాలుంటాయి. వాటిలో ఒక్కదానికే బ్యాలెన్సర్ మందు, మిగతావాటిని అది నయం చేయదు, ఒక్కోసారి నష్టం కూడా చేయగలదు. ఏ కారణమో తెలియాలంటే 16 సెల్‌ల వోల్టేజీలు మూడు వేర్వేరు సమయాల్లో కావాలి: ఛార్జింగ్ గట్టిగా నడుస్తున్నప్పుడు ఒకసారి, కరెంటు పూర్తిగా ఆగి అరగంట గడిచాక ఒకసారి, రాత్రి మోటారు నడుస్తున్నప్పుడు ఒకసారి. ప్రతిసారీ ఎన్ని ఆంపులు పోతున్నాయో, వస్తున్నాయో కూడా పక్కనే రాయండి. ఆంపులు రాయని వోల్టేజీ పట్టికతో ఎవరూ ఏమీ చెప్పలేరు.

---

పులివెందుల మిద్దె

మా ఇంట్లోనూ ఇలాంటి సెల్‌లే ఉన్నాయి. ప్యాక్ 58.4 వోల్టులకు పోనిస్తేనే నిజంగా నిండుతుందని, రోజూ అక్కడిదాకా తీసుకెళ్తే బీఎంఎస్ తనంతట తానే అన్నిటినీ సమం చేస్తుందని మాకు చెప్పారు. మీ ఇన్వర్టర్‌లో ఎంత పెట్టారో చూడండి.

---

అనంత అధ్యాపకురాలు

పులివెందుల సోదరులు చెప్పిన 58.4 అనేది సెల్‌కు 3.65 చొప్పున 16 సెల్‌ల మొత్తం. అది తయారీదారు ఇచ్చే గరిష్ఠ హద్దు, రోజూ చేరవలసిన గమ్యం కాదు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌ను 3.45 వోల్టుల దగ్గర నిలిపి, లోపలికి పోయే కరెంటు బాగా తగ్గేదాకా కొంతసేపు ఉంచితే అది దాదాపు పూర్తిగా నిండిపోతుంది. అంటే 16 సెల్‌లకు 55.2 వోల్టులు చాలు. ఆ పైన 3.65 దాకా పోయే దారిలో అదనంగా పట్టే ఛార్జి చాలా స్వల్పం, సెల్ మీద పడే ఒత్తిడి మాత్రం ఎక్కువ.

ఈ సెల్ నడత ముందు అర్థమైతే మిగతాదంతా తేలికవుతుంది. పొట్ట బాగా వెడల్పుగా, మెడ సన్నగా ఉండే కాగును తలచుకోండి. పొట్ట భాగంలో బిందెల కొద్దీ నీళ్లు పోసినా మట్టం పెద్దగా కదలదు, మెడ దగ్గరకు వచ్చాక చెంబుడు పోస్తే చాలు మట్టం జర్రున లేస్తుంది. ఈ సెల్ వోల్టేజీ కూడా అంతే. సుమారు 20 శాతం నుంచి 90 శాతం దాకా అది 3.2కీ 3.34కీ మధ్యనే ఉంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా నిటారుగా పైకి పోతుంది. అందువల్ల మధ్య భాగంలో రెండు సెల్‌ల వోల్టేజీ ఒకేలా ఉన్నంత మాత్రాన వాటిలో ఛార్జి ఒకేలా ఉందని అనుకోలేం. మెడ దగ్గర పెద్ద తేడా కనిపించినంత మాత్రాన లోపల ఛార్జిలో అంత తేడా ఉందనీ అనుకోలేం.

---

చీనీతోట (తాడిపత్రి)

వర్క్‌షాప్ అన్న అడిగినట్టే మూడుసార్లు రాసుకున్నాను. ప్యాక్‌లోకి 62 ఆంపులు పోతున్నప్పుడు 7వది 3.56, 11వది 3.45, మిగతా 14 సెల్‌లు 3.37 నుంచి 3.38 మధ్య ఉన్నాయి. ఛార్జింగ్ ఆగి, ఇంట్లో లోడు కూడా ఆపేసి అరగంట ఉంచాక 7వది 3.38కి దిగింది, 11వదితో సహా మిగతావన్నీ 3.33, 3.34 దగ్గర నిలిచాయి. రాత్రి మోటారుతో కలిపి 45 ఆంపులు లాగుతున్నప్పుడు 7వది 3.26, 11వది 3.20, మిగతావి 3.25.

ఇంకొక విషయం కూడా గమనించాను. మధ్యాహ్నం మంచి ఎండ ఉండగానే బ్యాటరీ నుంచి కరెంటు బయటికి పోతున్నట్టు ఫోనులో కనిపిస్తోంది. ప్యానెళ్లు ఉండగా బ్యాటరీ ఎందుకు ఖర్చవుతోందో నాకు అర్థం కాలేదు.

---

కడప వర్క్‌షాప్

ఈ అంకెలు ఎంతో విషయం చెబుతున్నాయి. మీ ప్యాక్‌లో ఒకటి కాదు, రెండు వేర్వేరు జబ్బులున్నాయి.

ముందు 11వ సెల్ చూడండి. ఛార్జింగ్‌లో మిగతావాటి కంటే సుమారు 75 మిల్లీవోల్టులు ఎక్కువ, డిశ్చార్జిలో 50 మిల్లీవోల్టులు తక్కువ, కరెంటు ఆగితే తేడా సున్నా. కరెంటు దిశ మారగానే తేడా కూడా దిశ మార్చుకుంటోందంటే అది ఛార్జి తేడా కాదు, దారిలో ఎక్కడో నిరోధం ఉంది. 75 మిల్లీవోల్టులను 62తో భాగిస్తే 1.2 మిల్లీఓమ్‌లు. 50ని 45తో భాగించినా దాదాపు అంతే వస్తోంది. రెండు లెక్కలూ ఒకే చోటికి రావడం వల్ల నాకు అనుమానం లేదు. 280 ఏహెచ్ సెల్ లోపలి నిరోధం పావు మిల్లీఓమ్ చుట్టూనే ఉంటుంది కాబట్టి, సెల్ కంటే దాని జాయింటు నిరోధమే దాదాపు ఐదు రెట్లు ఉందన్నమాట. సెల్‌లను కలిపే లోహపు పట్టీ (బస్‌బార్) నట్టు సరిగా బిగియలేదు, లేదా అల్యూమినియం టెర్మినల్ మీద ఆక్సైడు పొర ఉండగానే బిగించారు. 62 ఆంపుల దగ్గర ఆ ఒక్క జాయింటులో నాలుగున్నర వాట్లకు పైగా వేడి పుడుతోంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు అవుతుంది కాబట్టి దీన్ని వదిలేయడం ప్రమాదం.

ఇక 7వది. ఛార్జింగ్‌లో ఎక్కువ, కరెంటు ఆగాక కూడా ఎక్కువ, డిశ్చార్జిలోనూ కొంచెం ఎక్కువే. దీనిలో నిజంగానే మిగతావాటి కంటే ఛార్జి ఎక్కువగా ఉంది. పైన అందరికంటే ముందు నిండి, కింద అందరికంటే ముందు ఖాళీ అయి ఉంటే సెల్ సామర్థ్యమే తగ్గిందని అనుకోవలసి వచ్చేది. అలా లేదు కాబట్టి సెల్ బాగానే ఉంది, బ్యాలెన్స్ మాత్రమే తప్పింది.

---

కర్నూలు ఇంజినీరు

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. వర్క్‌షాప్ వారి నిర్ధారణ సరైనదే. దానికి ఒక హెచ్చరిక జోడిస్తాను. ఈ స్థితిలో 5 ఆంపుల యాక్టివ్ బ్యాలెన్సర్ పెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఛార్జింగ్ నడిచే గంటలన్నీ 11వ సెల్ నిండుగా ఉందని భ్రమపడి దానిలోంచి ఛార్జి లాగి పక్కవాటిలో పోసేది. రాత్రి లోడు మీద అదే సెల్ ఖాళీగా ఉందనుకుని తిరిగి నింపేది. అసలు తేడా ఉన్న 7వ సెల్‌కు ఇవ్వవలసిన సమయాన్ని ఈ వృథా పని తినేసేది. కొలిచే చోట తప్పుంటే, దాని మీద ఆధారపడి పనిచేసే యంత్రం ఎంత శక్తిమంతమైనదైతే అంత కీడు చేస్తుంది.

చీనీతోట వారికి రెండు ప్రశ్నలు. బీఎంఎస్‌లో బ్యాలెన్సింగ్ ఏ వోల్టేజీ దగ్గర మొదలయ్యేలా పెట్టారు? ఇన్వర్టర్‌లో బ్యాటరీ రకం ఏమని ఉంది, టెంపరేచర్ కాంపెన్సేషన్ అనే సెట్టింగు ఉంటే దానిలో ఏ అంకె ఉంది? మధ్యాహ్నం బ్యాటరీ ఖర్చవుతోందన్న మాట వినగానే నాకు ఈ రెండో ప్రశ్న తట్టింది.

---

చీనీతోట (తాడిపత్రి)

సార్, బ్యాలెన్సింగ్ 3.20 వోల్టుల దగ్గర మొదలవుతుందని ఉంది, బ్యాలెన్సింగ్ కరెంటు 150 మిల్లీఆంపులు. ఇన్వర్టర్‌లో బ్యాటరీ రకం ‘యూజర్’ అని ఉంది. అబ్జార్ప్షన్ (నింపే వోల్టేజీ) 56.0, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 53.6, టెంపరేచర్ కాంపెన్సేషన్ సెల్‌కు మైనస్ 3 మిల్లీవోల్టులు. బ్యాటరీ పెట్టెకు ఒక సెన్సార్ వైరు అతికించి ఉంది. మధ్యాహ్నం బ్యాటరీ ఉష్ణోగ్రత 41 డిగ్రీలు చూపిస్తోంది.

---

కర్నూలు ఇంజినీరు

మీ రెండు సమస్యల్లో ఒకదానికి మూలం ఇదే. ఆ మైనస్ 3 మిల్లీవోల్టులు లెడ్ యాసిడ్ బ్యాటరీ కోసం ఉద్దేశించినది. లెడ్ యాసిడ్ వేడెక్కినప్పుడు తక్కువ వోల్టేజీతో, చల్లబడినప్పుడు ఎక్కువ వోల్టేజీతో ఛార్జి చేయాలి. 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాంకులో 24 సెల్‌లుంటాయి కాబట్టి, 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి ఇన్వర్టర్ 72 మిల్లీవోల్టులు తగ్గిస్తుంది. లిథియం బ్యాటరీకి ఈ సర్దుబాటు అవసరం లేదు, ఆ అంకె సున్నా ఉండాలి.

మీ దగ్గర 41 డిగ్రీలు. 16 డిగ్రీలు ఎక్కువైనందుకు 1.15 వోల్టులు తగ్గుతాయి. మీరు 53.6 అనుకుంటున్న ఫ్లోట్ నిజానికి 52.45 దగ్గర నిలుస్తోంది, అంటే సెల్‌కు 3.28 కూడా సరిగా లేదు. అధ్యాపకురాలు గారు చెప్పిన ఆ కాగు పొట్ట భాగంలో 3.28 అంటే బ్యాటరీ సగం చుట్టూ ఎక్కడో ఉన్నట్టు. అబ్జార్ప్షన్ అయిపోయి ఫ్లోట్‌లోకి రాగానే, బ్యాటరీ వోల్టేజీ ఆ స్థాయికి దిగేదాకా ఇంటి లోడును బ్యాటరీయే మోస్తుంది. ప్యానెళ్లు ఎండలో ఊరికే ఉంటాయి. సాయంత్రం సూర్యుడు దిగే వేళకు నిండుగా ఉండవలసిన బ్యాటరీ మీకు చాలా భాగం ఖర్చయిపోయి ఉంటోంది. సంక్రాంతి రోజుల్లో బ్యాటరీ 25 డిగ్రీల దగ్గరే ఉండేది కాబట్టి కోత పడలేదు, అందుకే ఉగాది దాకా అంతా సవ్యంగా కనిపించింది.

ఈక్వలైజేషన్ అనే సెట్టింగు కూడా ఉందేమో చూసి తప్పకుండా ఆపేయండి. లెడ్ యాసిడ్‌లో పలకలను శుభ్రపరచడానికి కావాలనే వోల్టేజీ పెంచే పద్ధతి అది. లిథియం దగ్గర దానికి చోటు లేదు.

---

అనంత అధ్యాపకురాలు

ఇంజినీరు గారి వివరణకు శాతం విషయం కూడా కలపాలి. బీఎంఎస్ శాతాన్ని వోల్టేజీతో కాక, లోపలికి వచ్చిన ఆంపులను, బయటికి పోయిన ఆంపులను గంటలతో లెక్కగట్టి చెబుతుంది. ఈ లెక్క తప్పుతూ పోతుంది కాబట్టి బ్యాటరీ నిండినప్పుడల్లా దాన్ని 100కు సరిచేసుకోవాలి. చాలా బీఎంఎస్‌లు ఏ ఒక్క సెల్ హద్దు తాకినా ప్యాక్ నిండిందని తీర్మానించి 100 రాసేస్తాయి. మీ 7వ సెల్ తాకుతోంది, మిగతా 15 సెల్‌లు ఇంకా నిండలేదు, అయినా లెక్క మాత్రం 100 నుంచి మొదలవుతోంది. అర్ధరాత్రి కనిపించే 55 శాతం ఆ దొంగ 100 నుంచి తీసివేయగా మిగిలినది.

పైగా చిన్న కరెంటులను బీఎంఎస్ సరిగా కొలవలేదు. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నందుకు తినే ఆంపు, ఒకటిన్నర ఆంపులో అర ఆంపు లెక్కకు అందకపోతే రోజుకు 12 ఏహెచ్ తేడా పడుతుంది. వీలైతే నెగటివ్ వైరులో విడిగా ఒక షంట్ మీటరు (వచ్చే, పోయే ఆంపులను లెక్కగట్టేది) పెట్టుకోండి. అందులో సామర్థ్యం 280, ఛార్జింగ్ ఎఫిషియెన్సీ 99 శాతం, ప్యూకర్ట్ అంకె (కరెంటు పెరిగితే దక్కే సామర్థ్యం ఎంత తగ్గుతుందో చెప్పేది) 1.05 ఇవ్వండి. లెడ్ యాసిడ్ కోసం వేసిన 1.25 అలాగే ఉంటే అదీ తప్పు చూపిస్తుంది. ప్యాక్ 55 వోల్టులు దాటి ఉండి, లోపలికి పోయే కరెంటు 14 ఆంపులకు, అంటే సామర్థ్యంలో ఇరవయ్యో వంతుకు తగ్గి కొన్ని నిమిషాలు నిలిస్తేనే 100 అనుకోమని దానికి చెప్పండి. ఈ కరెంటును షంట్ దగ్గరే చూడాలి. ఎంపీపీటీ చూపించే ఆంపులలో ఇంటి లోడు కూడా కలిసి ఉంటుంది.

బ్యాలెన్సింగ్ 3.20 దగ్గర మొదలవడం కూడా తప్పే. ఆ ప్రాంతంలో ఏ సెల్‌లో ఛార్జి ఎక్కువో వోల్టేజీ చెప్పలేదు. దానికి తోడు ఇన్ని నెలలూ ఛార్జింగ్ వేళ 11వది ఎక్కువగా కనిపించింది కాబట్టి, బీఎంఎస్ దానిలోంచి అన్యాయంగా కొంత ఛార్జి కాల్చేసి ఉంటుందని నా అంచనా. దాన్ని 3.40కి మార్చండి.

---

ప్రొద్దుటూరు కొట్టు

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నా కొట్టులో పాత ట్యూబులర్ (లెడ్ యాసిడ్) బ్యాటరీలు నాలుగు ఇంకా బాగానే ఉన్నాయి. వాటికి పక్కనే లిథియం ప్యాక్ కలిపి వాడవచ్చా?

---

కర్నూలు ఇంజినీరు

నేరుగా పక్కపక్కన కలపవద్దండి. రెండింటికీ కావలసిన ఛార్జింగ్ వోల్టేజీలు వేరు, నిలిచి ఉండే వోల్టేజీలు వేరు. ఒకదానికి సరిపడేలా పెడితే అది రెండోదానికి సరిపడదు. ట్యూబులర్ వాటికి వేరే ఇన్వర్టర్ ఉంటే వేరుగానే నడుపుకోండి.

---

కడప వర్క్‌షాప్

ఇప్పుడు చేయవలసిన పని క్రమం రాస్తాను. ముందు జాయింటు. ఆ తర్వాతే బ్యాలెన్స్.

ప్యానెళ్ల డీసీ బ్రేకర్ ఆపండి, ఇన్వర్టర్ ఆపండి, బ్యాటరీ బ్రేకర్ ఆపండి. చేతికి ఉంగరం, గడియారం, కడియం ఏదీ ఉండకూడదు. ఈ సెల్‌ల మీద స్పానర్ అడ్డంగా పడితే వేల ఆంపులు పారతాయి, కాబట్టి స్పానర్‌కు నట్టును పట్టుకునే తల తప్ప మిగతా భాగమంతా ఇన్సులేషన్ టేపు చుట్టండి. 11వ సెల్ రెండు టెర్మినళ్లు, వాటికి అటూ ఇటూ ఉన్న సెల్‌ల టెర్మినళ్లు కూడా విప్పండి, ఎందుకంటే ఒకే బస్‌బార్ రెండు సెల్‌లకు చెందుతుంది. బస్‌బార్ అడుగు భాగం, టెర్మినల్ పై భాగం సన్నటి ఎమరీ కాగితంతో మెరుపు వచ్చేదాకా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరిన వెంటనే బిగించండి. ఆలస్యం చేస్తే అల్యూమినియం మళ్లీ పొర కట్టుకుంటుంది. బీఎంఎస్ సన్న వైరు లగ్గు (వైరు కొసన ఉండే లోహపు రింగు) బస్‌బార్‌కు కింద కాదు, పైన ఉండాలి. కింద ఉంటే పెద్ద కరెంటు ఆ పలుచటి లగ్గు గుండా పోవలసి వస్తుంది. నట్టు బిగింపు సెల్ తయారీదారు చెప్పిన మేరకే టార్క్ రెంచ్‌తో చేయండి. బలంగా తిప్పితే మెత్తటి అల్యూమినియంలో మర పోతుంది, ఆ సెల్ ఇక పనికిరాదు.

---

చీనీతోట (తాడిపత్రి)

విప్పి చూశాం. విప్పక ముందు 60 ఆంపులు పోతుండగా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెడితే మిగతా జాయింట్లు 43, 44 డిగ్రీలుంటే 11వ సెల్ నెగటివ్ జాయింటు 58 చూపించింది. నట్టు తీశాక అసలు సంగతి కనిపించింది. వర్క్‌షాప్ అన్న చెప్పినట్టే సన్న వైరు లగ్గు బస్‌బార్‌కు కింద ఇరుక్కుని ఉంది. బస్‌బార్ టెర్మినల్‌కు ఒక పక్క మాత్రమే తగిలి, అక్కడ గోధుమ రంగు మచ్చ పడింది, రెండో పక్క బూడిద రంగు పొర అలాగే ఉంది. శుభ్రం చేసి, లగ్గు పైకి మార్చి బిగించాం. ఇప్పుడు 60 ఆంపుల దగ్గర 11వ సెల్ మిగతావాటితో సమానంగా 3.37 చూపిస్తోంది. కాంపెన్సేషన్ సున్నా చేశాను, ఈక్వలైజేషన్ ఆన్‌లో ఉంటే ఆపేశాను, బ్యాలెన్సింగ్ 3.40కి మార్చాను. 7వ సెల్ మాత్రం ఇంకా ముందే పోతోంది.

---

అనంత అధ్యాపకురాలు

7వ సెల్‌లో మిగతావాటి కంటే 15 ఏహెచ్ ఎక్కువ ఉందనుకుందాం. బీఎంఎస్ 150 మిల్లీఆంపులతో దాన్ని కాల్చాలంటే 100 గంటలు కావాలి. 3.40 పైన ప్యాక్ రోజుకు ఒక్క గంటే ఉంటుందనుకుంటే మూడు నెలలు దాటుతుంది. బీఎంఎస్ లోపలి బ్యాలెన్సర్ సమంగా ఉన్న ప్యాక్‌ను సమంగా నిలబెట్టడానికి చాలు, మొదటి నుంచీ సమంగా లేని ప్యాక్‌ను దారికి తేవడానికి చాలదు. పెట్టెలోంచి తీసిన సెల్‌లను అలాగే సీరీస్‌లో బిగించినట్టున్నారు. అమర్చే ముందే వాటిని ఒకసారి సమం చేసి ఉండవలసింది.

---

కడప వర్క్‌షాప్

మేడమ్ లెక్క నిజం. కాబట్టి ఒక్కసారికి చేత్తోనే చేద్దాం. ఒక ఓమ్, 50 వాట్ల అల్యూమినియం తొడుగు ఉన్న రెసిస్టర్ తీసుకుని, 5 ఆంపుల ఫ్యూజుతో 7వ సెల్ రెండు టెర్మినళ్లకు కలపండి. 3.35 ఆంపులు పోతాయి, రెసిస్టర్‌లో 11 వాట్ల వేడి పుడుతుంది. ముట్టుకుంటే కాలుతుంది, అందువల్ల దాన్ని బండ మీద, బ్యాటరీకి దూరంగా పెట్టండి. మనిషి దగ్గర లేకుండా ఒక్క నిమిషం కూడా వదలవద్దు. ఒకేసారి 15 ఏహెచ్ తీయకండి. గంటన్నరసేపు, అంటే సుమారు 5 ఏహెచ్ తీసి, మర్నాడు ప్యాక్ పైకి పోయేటప్పుడు 7వది ఎక్కడుందో చూసి, ఇంకా కావాలంటేనే మళ్లీ తీయండి.

ఈ పని జరిగినన్నాళ్లు ఛార్జింగ్ వోల్టేజీ 54.4కు, ఛార్జింగ్ కరెంటు 20 ఆంపులకు తగ్గించి పెట్టుకోండి. అప్పుడు ఒక సెల్ ముందుకు పోయినా బీఎంఎస్ తెగే అవకాశం తగ్గుతుంది. నిండు ఎండలో బీఎంఎస్ హఠాత్తుగా బ్యాటరీని తెంచేస్తే ఎంపీపీటీకి, ఇన్వర్టర్‌కు ఆధారం పోయి లోపల వోల్టేజీ ఎగుస్తుంది, దానితో కార్డులు కాలిపోయిన ఇన్వర్టర్లు నా బల్ల మీదకు వస్తుంటాయి. ఛార్జింగ్ ఎక్కడ ఆపాలో నిర్ణయించవలసింది ఇన్వర్టర్. బీఎంఎస్ కోత అనేది మిగతావన్నీ విఫలమైనప్పుడు మాత్రమే పడాలి.

---

పులివెందుల మిద్దె

ఈ చర్చ చదివి నా ఇన్వర్టర్‌లోనూ చూశాను, నాకూ కాంపెన్సేషన్ మైనస్ 3 అనే ఉంది, సున్నా చేశాను. వేడి గురించి అడగాలి. మా బ్యాటరీ మిద్దె మీది గదిలో ఉంది, పైన కడప బండల కప్పు. మేలో మధ్యాహ్నం ఆ గదిలో నిలబడలేం. రాత్రి పదింటికి కూడా బండలు వేడి విడుస్తూనే ఉంటాయి.

---

కర్నూలు ఇంజినీరు

దయచేసి కిందికి దించండి. సున్నా డిగ్రీల కంటే తక్కువలో ఈ సెల్‌లను ఛార్జి చేయకూడదని పుస్తకాల్లో పెద్ద అక్షరాల్లో రాస్తారు, మన రాయలసీమలో ఆ బాధ లేదు. మన బాధ రెండో కొస. తయారీదారులు సాధారణంగా 55 లేదా 60 డిగ్రీల దాకా ఛార్జింగ్ ఒప్పుకుంటారు, కానీ ఒప్పుకోవడం వేరు, ఆయుష్షు వేరు. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలకు సెల్‌లో వయసు తెచ్చే చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో వాడుక లెక్క. నిండుగా ఉండి, వేడిగా ఉండి, ఊరికే కూర్చోవడం ఈ సెల్‌కు అన్నిటికంటే చేటు.

ఉత్తరం వైపు గోడ ఉన్న కింది గది, పైనా కిందా గాలి ఆడే రెండు కిటికీలు, నేల మీద నుంచి అడుగు ఎత్తున బల్ల ఉంటే చాలు. పడమటి గోడకు ఆనించవద్దు. వేరుశనగ పొట్టు, కట్టె, గడ్డి, డీజిల్ క్యాన్లు ఆ గదిలో ఉండకూడదు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లు ఫోన్లలో వాడే రకాల కంటే వేడికి నిలకడైనవి, అయినా షార్టు పడితే వైర్లే నిప్పు పెడతాయి. బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా డీసీకి తగిన ఫ్యూజు ఉండాలి. ఇంట్లో ఏసీకి వాడే ఎంసీబీని అక్కడ పెడుతున్నారు. డీసీ కరెంటును తెంచేటప్పుడు పుట్టే నిప్పు ఆర్క్‌ను అది ఆపలేదు. ఇది నేను చాలా చోట్ల చూసి బాధపడ్డ విషయం.

మార్చి నుంచి జూన్ దాకా రోజూ 54.4 దగ్గరే ఆపి, వారానికో పదిరోజులకో ఒకసారి 55.2 దాకా తీసుకెళ్లి రెండు గంటలు నిలపమని నా సలహా. బ్యాలెన్సింగ్‌కూ, శాతం లెక్క సరిచేసుకోవడానికీ ఆ రోజు చాలు.

---

చీనీతోట (తాడిపత్రి)

7వ సెల్ నుంచి విడతలుగా తీశాం. మేడమ్ అంచనా వేసినంతా తీయకముందే అది దారికి వచ్చింది. ఆ తర్వాత 11వ సెల్‌లో ఛార్జి కాలిపోయి ఉంటుందని ఆమె చెప్పిన మాట కూడా నిజమైంది. అన్నీ 3.45కు చేరినప్పుడు 11వది ఒక్కటే 3.37 దగ్గర వెనకబడి కనిపించింది. జాయింటు బాగున్నా అలా ఉందంటే అది నిజమైన తేడాయే కదా?

---

కడప వర్క్‌షాప్

నిజమైనదే, పాత సెట్టింగు కాల్చేసిన ఛార్జి అది. దీనికి రెసిస్టర్ పనికిరాదు, 15 సెల్‌లను దించే బదులు ఒక్కదాన్ని ఎక్కించాలి. వోల్టేజీ, ఆంపులు మనమే పెట్టుకోగలిగే బెంచ్ పవర్ సప్లయిని దేనికీ కలపకుండా ముందు 3.45 వోల్టులకు, 10 ఆంపులకు పెట్టి, ఆ తర్వాతే 11వ సెల్‌కు కలపండి. కలిపాక వోల్టేజీ నాబ్ ముట్టవద్దు. మిగతావి పైన ఉన్న మధ్యాహ్నం వేళ మొదలుపెడితే ఎప్పుడు ఆపాలో కళ్ల ముందే తెలుస్తుంది. సప్లయి లేకపోతే కడపకు వచ్చినప్పుడు నా దగ్గరిది తీసుకెళ్లండి.

---

చీనీతోట (తాడిపత్రి)

తాడిపత్రిలోనే మొబైల్ రిపేరు చేసే అబ్బాయి దగ్గర సప్లయి దొరికింది. అది ఇచ్చేది 5 ఆంపులే కాబట్టి ఎక్కువసేపు పట్టింది. నిన్న 55.2 వోల్టుల దగ్గర, 12 ఆంపులు పోతుండగా అన్నిటికంటే ఎక్కువ సెల్ 3.46, తక్కువ సెల్ 3.44. రాత్రంతా ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు నడిచాక తెల్లవారి షంట్ మీటరులో 71 శాతం ఉంది, వోల్టేజీ కూడా దానికి సరిపోయేలానే ఉంది. బ్యాలెన్సర్ కొనలేదు.

చివరిగా ఒకటి. శ్రావణంలో కూతురి ఇంటికి వెళ్లి నెల రోజులు ఉండవలసి ఉంది. ఇంట్లో ఎవరూ ఉండరు. బ్యాటరీని నిండుగా పెట్టి వెళ్లాలా?

---

అనంత అధ్యాపకురాలు

నిండుగా వద్దు. వెళ్లే ముందు 50, 60 శాతం దగ్గరకు దిగనివ్వండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, ప్యానెళ్ల బ్రేకర్, ఇన్వర్టర్, చివరగా బ్యాటరీ బ్రేకర్ ఈ వరుసలోనే ఆపండి. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉంటే రోజుకు 25, 30 ఏహెచ్ తినేస్తుంది, నెల కాదు, వారం కూడా నిలవదు. అన్నీ ఆపేస్తే మిగిలేది బీఎంఎస్ తన కోసం తీసుకునే కొద్ది మిల్లీఆంపులే, దానికి సగం బ్యాటరీ నెలల తరబడి చాలుతుంది. తిరిగి వచ్చాక ముందు బ్యాటరీ బ్రేకర్, తర్వాత ఇన్వర్టర్, ఆ తర్వాతే ప్యానెళ్లు ఆన్ చేయండి. బ్యాటరీ లేకుండా ప్యానెళ్లు ముందు కలపకూడదు. ఆ రోజు 55.2 దాకా పోనిచ్చి 16 సెల్‌ల అంకెలూ, ఆంపులతో సహా, ఇక్కడ రాయండి. ఈ నెల అంకెలతో పోల్చి చూద్దాం.

---

చీనీతోట (తాడిపత్రి)

అలాగే మేడమ్. వచ్చిన మర్నాడే రాస్తాను.